వెనక సీటు లెక్కకు రాదు

1వ రోజు, సోమవారం

ఈ పుస్తకంలో ఇంతవరకూ చైనుకు నూనె ఎప్పుడు వేశాను, టైరు ఎప్పుడు మార్చాను అన్నవే రాసుకున్నాను. ఇవాళ్టి నుంచి ఇంకో సంగతి కూడా రాయాలి. మా కట్ట దారికి నోటీసు వచ్చింది.

పొద్దున్న ఆరున్నరకు ఎప్పటిలాగే సైకిలు బయటికి తీసి, రాత్రి పేరుకున్న ఉప్పు తుడిచాను. సముద్రం ఊరి మీదికి రాకుండా కట్ట కట్టినప్పటి నుంచి మా వైపు ఇళ్ళలో ఇదే మొదటి పని. ముఖం కడుక్కోవడం కూడా దీని తరవాతే. వీధి చివర చిన్నమ్మలు టిఫిను క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. నేను బండి ఆపను, కాస్త నెమ్మది చేస్తాను. ఆవిడ రెండడుగులు పరుగెత్తి వెనక సీటు మీదికి ఎగిరి, కాళ్ళు రెండూ ఒక పక్కకు వేసుకుని కూర్చుంటుంది. మధ్యలో ఒక నాలుగు నెలలు తప్పితే, పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. నాకిప్పుడు యాభై నాలుగు, ఆవిడకు యాభై ఒకటి. ఎగరడం మాత్రం మానలేదు.

మా ఇద్దరిదీ మంచినీళ్ళ కర్మాగారంలో పని. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే చోట వడపోత గుడ్డలు ఉతికి ఆరేస్తాం. ఇంటి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, అంతా కట్ట మీదే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అంతకంటే పల్లంలో ఊరు. ఊరి రోడ్ల మీద, ఎక్కినవాళ్ళని నిద్రపుచ్చి తీసుకుపోయే మగతబండ్లు చప్పుడు లేకుండా పోతుంటాయి. కిటికీల్లోంచి చూస్తే పిల్లా పెద్దా అందరూ మెడలు వాల్చేసి నిద్రపోతుంటారు. వాళ్ళ మీద జోకులు వేసుకుంటూ మేం పైనుంచి పోతుంటాం.

కర్మాగారం గేటు దగ్గర గురునాయుడు కాగితం చదివి వినిపించాడు. కట్టకు కాపలా ఆయనే, మా పంచర్లు వేసేదీ ఆయనే. దారుల శాఖవాళ్ళు నలభై రోజులు లెక్కపెడతారట. గేటు పక్కన లెక్కపెట్టే డబ్బా ఒకటి బిగించి పోయారు. పొద్దున్న తొమ్మిది లోపు రోజుకు సగటున అరవై నమోదు కావాలి. కాకపోతే ఈ దారి కూడా మగతబండ్లకు ఇచ్చేస్తారు.

"అరవయ్యేటి బావూ! మనం నూటపది మందిమి ఉన్నాం కదేటి" అంది చిన్నమ్మలు.

"అదేనమ్మా, నానూ అదే అనుకున్నాను" అన్నాడు గురునాయుడు.

అందరం నవ్వేసి ఎవరి పనుల్లోకి వాళ్ళం పోయాం.

3వ రోజు, బుధవారం

నవ్వాను గానీ ఈ నోటీసు నాకు నవ్వులాట కాదు. ఎందుకో రాసుకుంటాను.

మగతబండి నాకు కొత్త కాదు. మా ఆయన సూరిబాబు ఇదే కర్మాగారంలో పంపుల దగ్గర పనిచేసేవాడు. పెళ్ళైన కొత్తలో నాకు సైకిలు నేర్పిందీ ఆయనే, నేను రెండుసార్లు చేపల తట్టల మీద పడితే ఆ చేపలామెతో తిట్లు తిన్నదీ ఆయనే. చివరి ఏడాది గుండె బాగోలేదు, సైకిలు తొక్కొద్దన్నారు. ఆయన మగతబండి ఎక్కితే తోడుగా నేనూ ఎక్కాను. తలుపు మూసుకుంటుంది, చెవుల దగ్గర సన్నగా ఒక రొద, అంతే, తలుపు తెరుచుకునేసరికి కర్మాగారం. పోనూ రానూ రోజుకు ఎనభై నిమిషాలైనా మనకు రెండు రెప్పపాట్లు. నాలుగు నెలలు అలా వెళ్ళాం, తరవాత ఆయన పోయాడు.

దినాలయ్యాక ఒకరోజు కూర్చుని లెక్కేశాను. నూట ముప్ఫై గంటల పైన ఆయన భుజం పక్కన నా భుజం ఆనించి కూర్చున్నాను. అందులో ఒక్క నిమిషం కూడా నాకు గుర్తులేదు. ఆ ఏడాది వానలు పడ్డాయో లేదో కూడా చెప్పలేను. అంతకు ముందు సైకిళ్ళ మీద పక్కపక్కన పోయిన రోజులైతే, ఏ మలుపులో ఆయన ఏమన్నాడో ఇప్పటికీ చెప్పగలను. మర్నాడే మళ్ళీ సైకిలు తీశాను. అప్పటి నుంచి చస్తే మగతబండి ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు దారే పోతే ఒట్టు ఏం చేసుకోను?

7వ రోజు, ఆదివారం

ఈ వారం కట్ట మీద తిరనాళ్ళే. దారిని నిలబెట్టాలంటే జనం పెరగాలని గురువారం అందరం అనుకున్నాం. తలా ఒకరిని తీసుకురావాలని మాట. తీసుకొచ్చాం కూడా. మా ఫిట్టరు అప్పలస్వామి అయితే వాళ్ళ అపార్ట్‌మెంటు నుంచి రోజుకొకరిని, మగతబండి తప్ప ఇంకోటి ఎరగనివాళ్ళని, బతిమాలి పట్టుకొస్తున్నాడు.

ఎలా తెస్తాం? వెనక సీటు మీద ఎక్కించుకునే తెస్తాం. మాకు వేరే పద్ధతి తెలియదు. కట్ట మీద మొదటి నుంచీ ఉన్న కట్టుబాటు ఒకటే, వెనక సీటు ఖాళీగా పోకూడదు. వరద ఏడాది ఊళ్ళో సైకిళ్ళు సగం కొట్టుకుపోయాయి. ఉన్నవాళ్ళు లేనివాళ్ళని ఎక్కించుకున్నారు, అదే స్థిరపడిపోయింది. నడిచి వెళ్ళేవాడు కనిపిస్తే ఆపకుండా పోయినవాడి గురించి వారం రోజులు చెప్పుకుంటారు. వెనక కూర్చున్నవాళ్ళకూ పనులున్నాయి. క్యారేజీలు పట్టుకోవాలి, వానొస్తే ఇద్దరి మీదా పట్టా కప్పాలి, కాలవ వంతెన ఎక్కుడు దగ్గర దిగి తొయ్యాలి, దారి పొడుగునా కబుర్లు చెప్పాలి. చిన్నమ్మలు ఆ ఆఖరి పనిలో ఆరితేరింది. వాళ్ళ ఆడపడుచు చేసిన ఆగడాలు తొమ్మిది కిలోమీటర్లకు సరిపడా ముక్కలు చేసి, అసలు విషయం సాయంత్రానికి దాచిపెడుతుంది. ఎదురుగాలి ఉన్న రోజున ఆ కబుర్లే లేకపోతే నేను కాలవ దాటలేను.

ఈ వారం కొత్తవాళ్ళు వెనక సీట్ల మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుని, సముద్రాన్ని చూసి పిల్లల్లా కేకలు పెడుతుంటే మాకు భలే గర్వంగా ఉంది. రేపు వారం లెక్క చెబుతారు.

8వ రోజు, సోమవారం

సగటు నలభై ఆరు.

గురునాయుడు రెండుసార్లు చదివాడు. ఎవరికీ అర్థం కాలేదు. శనివారం ఒక్కరోజే గేటు దగ్గర నూట నలభై మంది దిగారు, నేను కళ్ళారా చూశాను.

"డబ్బా పాడైపోనాదేమో బావూ" అన్నాడు అప్పలస్వామి.

గురునాయుడు కళ్ళజోడు పెట్టుకుని నోటీసు వెనక వైపు చిన్న అక్షరాలు చదివాడు. అప్పటిదాకా ఆ వైపు చూసిన పాపాన ఎవరూ పోలేదు. చదివి, అరుగు మీద కూలబడ్డాడు.

"డబ్బా బాగానే ఉన్నాదిరా. అది మడిసిని లెక్కెట్టదు. సీటు కింద నెంబరు బిళ్ళుంటాది చూడు, ఆ బిళ్ళని లెక్కెడతాది. రోజుకి బండికి ఒక్కసారే. ఎనక కూకున్నోలు లెక్కకి రారు."

ముందు నాకు నవ్వొచ్చింది. వారం రోజులు కష్టపడి లెక్కకు రానివాళ్ళని మోసుకొచ్చాం. పైగా ఎప్పుడూ తన సైకిలు మీద వచ్చే గుడ్డల మేస్త్రీ, వెనక కూర్చోవడం కొత్తవాళ్ళకు చిన్నతనంగా ఉండకూడదని తన బండి ఇంట్లో పెట్టి ఇంకొకరి వెనక ఎక్కి వచ్చాడు. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి తిరిగింది.

"ఇంకేటి, ఎవలి బండి ఆలే తొక్కాలి" అన్నాడు గురునాయుడు.

అందరూ తలూపారు. చిన్నమ్మలు మాత్రం నా వెనక్కి వచ్చి నిలబడింది.

11వ రోజు, గురువారం

"నానెక్కడ తొక్కుతానే ఒలే. ఈ వయసులో కాలిరగ్గొట్టుకోమంటావేటి?"

ఇది ఈ మూడు రోజుల్లో ముప్ఫయ్యోసారి. చిన్ననాడు ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, ఇంట్లో ఒక్క సైకిలు, ముగ్గురు అన్నదమ్ములు, తన వంతు రాలేదంది. ఆవిడకు మాటలు తక్కువ కాదు గానీ ఆ సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసింది.

సూరిబాబు సైకిలు ఆరేళ్ళుగా మా వరండాలో కొక్కేనికి వేలాడుతోంది. నెలకోసారి తుడిచి నూనె రాస్తాను, కిందికి దించను. ఇవాళ దించాను. గురునాయుడు టైర్లు మార్చి, ఓవరాయిలింగు చేసి, సీటు అడుగంటా దించి, దాని కింద బిళ్ళ వేసి ఇచ్చాడు. చిన్నమ్మలు ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇది పడేస్తే నువ్వు బాధపడతావు" అంది.

"పడేస్తే పడేసినావు. ఇనుమే కదేటి" అన్నాను. అలా అన్నాను గానీ, ఆవిడ మొదటిసారి పడినప్పుడు ఆవిడ కంటే ముందు హ్యాండిలు వైపు చూశాను. దానికి ఇంకా సిగ్గుగా ఉంది.

19వ రోజు, శుక్రవారం

అటకల మీద నుంచి, గోడౌన్ల నుంచి సైకిళ్ళు దిగుతున్నాయి. నిన్న అరవై మూడు, ఇవాళ అరవై అయిదు. మొదటి వారం పోగొట్టుకున్నది పూడ్చాలంటే ఇది చాలదు.

సాయంత్రం పని దిగాక గుడ్డలారేసే మైదానంలో చిన్నమ్మలుకు పాఠం. ముందు ఒక పెడలు మీద నిలబడి అరతొక్కుడు, తరవాత సీటు. నేను వెనక పట్టుకుని పరుగెత్తుతాను. వదిలేశానని తెలిసిన క్షణం ఆవిడ పడిపోతుంది. తెలియనంతసేపు నడుపుతుంది. అందుకని వదిలేసి కూడా పక్కనే ఆయాసపడుతూ పరుగెత్తుతున్నాను. ఈ వయసులో నాకు ఈ కర్మేమిటో.

పొద్దున్న దారి మాత్రం పాతదే. నా వెనకే వస్తోంది. కట్ట మీద ఇప్పుడు వెనక సీటు నిండిన బండి మాదొక్కటే. పక్కనుంచి పోయేవాళ్ళు ఊరికే చూస్తారు. వాళ్ళ వెనక సీట్లన్నీ ఖాళీ. ఒకప్పుడు ఈ కట్ట మీద గాలి చప్పుడు వినబడేది కాదు, అంత మాటల సందడి. ఇప్పుడు అందరూ బారుగా, ఎవరి చూపు వాళ్ళు చూసుకుంటూ తొక్కుతున్నారు. చైన్ల చప్పుడు వినిపిస్తోంది.

30వ రోజు, మంగళవారం

చిన్నమ్మలు మైదానం చుట్టూ ఆరుసార్లు తిరిగింది. ఆపడం రాదు, ఇసక కుప్ప చూసుకుని పడుతుంది. కట్ట మీదికి రమ్మంటే రాదు. ఒక పక్క సముద్రం కనబడితే కళ్ళు తిరుగుతాయట. ఇన్నేళ్ళూ తిరగని కళ్ళు ఇప్పుడెందుకు తిరుగుతాయని అడిగాను.

"అప్పుడు నువ్వున్నావు కదేటే ముందర" అంది.

ఆ మాటకు లోపల చెప్పలేనంత సంతోషం కలిగింది. అలా కలగకూడదని తెలిసినా కలిగింది.

39వ రోజు, గురువారం

గురునాయుడు గోడ మీద బొగ్గుతో లెక్క వేశాడు. రేపు తొమ్మిది లోపు డెబ్భై నాలుగు బళ్ళు రావాలి. ఇంతవరకూ ఎప్పుడూ డెబ్భై ఒకటి దాటలేదు. ఎవరెవరు వస్తారో పేర్లు చదువుకుంటూ వచ్చాం. చిన్నమ్మలుతో కలిపితే డెబ్భై నాలుగు, ఆవిడ లేకపోతే డెబ్భై మూడు.

ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. ఆవిడే అంది, "సరే, వొస్తాను."

40వ రోజు, శుక్రవారం

అంతా రాయాలి. 

ఆరింటికే బయలుదేరాం. సముద్రం పోటు మీద ఉంది, ఎదురుగాలి. చిన్నమ్మలు ముందు, నేను వెనక. మొదటి రెండు కిలోమీటర్లలో మూడుసార్లు దిగింది. కాలవ వంతెన నడిపించుకుని ఎక్కింది. నాలుగో కిలోమీటరు రాయి దగ్గరకు వచ్చేసరికి ఏడుంబావు. ఆరో రాయి దగ్గర ఎనిమిది దాటింది. అక్కడ గాలి ఒక్కసారి అడ్డంగా కొట్టింది. ఆవిడ పడింది, బండి ఆవిడ మీద పడింది.

లేపి చూస్తే మోకాలు చిట్లి రక్తం కారుతోంది. పెద్ద దెబ్బేమీ కాదు, కాలు మడుస్తోంది, చాపుతోంది. కండువా చింపి కట్టాను. రాయి మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. ఆవిడ నీళ్ళు తాగి, నా బండి వెనక సీటు వైపు చూసింది.

"ఒలే రత్నం, ఎక్కీనా?"

పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అడగలేదు, అడిగే అవసరం రాలేదు. కట్ట మీద ఎవరూ ఎవరినీ ఈ మాట అడగనక్కర్లేదు. నా నోటి దాకా వచ్చింది, ఎక్కు అని. డెబ్భై నాలుగు గుర్తొచ్చింది. ఆ తలుపు మూసుకోవడం, ఆ రొద గుర్తొచ్చింది. సూరిబాబు భుజం గుర్తురాకపోవడం గుర్తొచ్చింది.

"లేదు" అన్నాను. "నీ బండి నువ్వే తొక్కుకుని రా. నానుంటే నువ్వు తొక్కవు. తొమ్మిదిలోపు రావాల."

ఆవిడ మొహం నేను చూడలేదు. ఎక్కి వచ్చేశాను. దెబ్బ తగిలిన మనిషిని దారిలో వదిలి, వెనక సీటు ఖాళీగా పెట్టుకుని వచ్చేశాను. కట్ట మీద అలాంటి పని చేసిన మొదటి మనిషిని బహుశా నేనే.

ఎనిమిదిన్నరకు గేటు దాటాను. గురునాయుడు "అరవై ఎనిమిది" అన్నాడు. ఎండలో నిలబడి దారి వైపే చూస్తున్నాను. డెబ్భై. డెబ్భై ఒకటి. మేస్త్రీ వచ్చాడు, డెబ్భై రెండు. తొమ్మిదికి పది నిమిషాలుండగా అప్పలస్వామి వచ్చాడు, ఆయన వెనక ఇంకో నాలుగు సైకిళ్ళు. ఎవరా అని చూస్తే వాళ్ళ అపార్ట్‌మెంటు మనుషులు. మొదటి వారం వెనక సీట్ల మీద బిక్కుబిక్కుమంటూ వచ్చినవాళ్ళే. ఎక్కడెక్కడివో తుప్పు పట్టిన బళ్ళు సంపాదించుకుని, రాత్రికి రాత్రి బిళ్ళలు వేయించుకుని, రొప్పుతూ వచ్చారు.

డెబ్భై ఏడు.

గురునాయుడు గేటు గంట పట్టుకుని వాయించేశాడు. జనం ఒకటే అరుపులు. అప్పలస్వామి నా దగ్గరకొచ్చి, "దారి నిలబడిపోనాది రత్నమ్మా" అని నా చేతులు పట్టుకుని ఊపాడు. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. చిన్నమ్మలు లేకుండానే లెక్క నిండింది, ఇంకా మూడు మిగిలాయి కూడా. ఎక్కు అని అన్నా సరిపోయేది.

తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. తొక్కుకుంటూనే వచ్చింది. మోకాలి నుంచి చెప్పు దాకా రక్తం చారికలు కట్టి ఎండిపోయింది. ఆపడం రాక గేటు పక్క ఇసకలోకి పోనిచ్చి పడి, లేచి, దులుపుకుని, లోపలికి వెళ్ళింది. పగలంతా పక్కపక్కనే గుడ్డలు పిండాం. ఆడపడుచు కబురు ఒక్కటీ రాలేదు.  క్షమించమని అడగలేక, ఆవిడ వంతు తడిగుడ్డలు కూడా నేనే మోశాను.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక నా బండి ఆవిడ ముందు పెట్టాను.

"ఎక్కవే. నీ బండి నాయుడుబావు గదిలో ఉంచీ. లెక్క అయిపోనాది, ఇంకెవలేటంటారు?"

"నేదు, నానే తొక్కుతాను."

"కోపమొచ్చినాదేటి? తిట్టు, పడతాను."

"తిట్టినాను. నువ్వెల్లిపోయాక ఆ రాయి మీదే కూకుని నిన్ను తిట్టినాను. మీ సూరిబాబుని కూడా తిట్టినాను, ఇంత పెద్ద బండి ఎందుక్కొన్నాడని. తిట్లన్నీ అయిపోనాయి, ఇంకేటి చెయ్యాలో తెలీక ఎక్కినాను." ఆవిడ సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఒలే, పంతొమ్మిదేళ్ళు దారి నా పక్కనించి ఎనక్కి ఎల్లిపోనాది. ముందరికి చూద్దామంటే నీ ఈపే. ఈయేళ దారి నాకు ఎదురొచ్చినాది. అంత పెద్ద సముద్రం తిన్నగా నా మీదికొచ్చి పక్కకి తప్పుకున్నాది. అదెంత బాగుంటాదో నువ్వెప్పుడూ చెప్పనేదేటే?"

 ఎందుకు చెబుతాను? ఇన్నేళ్ళూ ఆవిడ కూడా చూస్తోందనే అనుకున్నాను. పోయిన రోజుల కోసం నేను నెల్లాళ్ళుగా కుమిలిపోతున్నానే, ఆ రోజుల్లో ఆవిడకు కనబడింది నా వీపు ఒక్కటేనని నాకు తోచనే లేదు.

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, రెండుసార్లు తడబడి, ఎక్కి పోనిచ్చింది. ముందు ఆవిడ, వెనక నేను. వెనక బరువు లేక నా బండి ఊరికే ముందుకు పోతుంటే బ్రేకు పట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ తొక్కాను. దారి మీద పురుగు కూడా లేదు, అయినా ఇల్లు చేరేదాకా చిన్నమ్మలు బెల్లు కొడుతూనే ఉంది.